ఉఫ్ బాబాయి, ఇంజను వెనకాల నట్టు

ఉఫ్ బాబాయి ఒక్కసారి ఊదితే చాలు, ఇరవై ఏళ్లుగా తుప్పు పట్టి స్టడ్డును కరిచిపెట్టుకున్న నట్టు కూడా సిగ్గుపడి, దానంతటదే నాలుగు చుట్లు తిరిగి, ఆయన అరచేతిలోకి వచ్చి కూర్చుంటుంది. ఒకసారి జలుబు చేసి గట్టిగా తుమ్మితే వీధి మలుపులో ఆగి ఉన్న బస్సుకు నాలుగు చక్రాలూ ఊడి, నాలుగు దిక్కులకూ దొర్లుకుంటూ పోయాయట. అప్పటినుంచి తుమ్ము వస్తే చాలు, ముక్కు పట్టుకుని షెడ్డు వెనక్కి పరుగెడతాడట. ఇదంతా అబద్ధమంటే ఆ వీధివాళ్లకు కోపం వస్తుంది. ఏ చక్రం ఎటు దొర్లిందో చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపిస్తారు, అదొక్కటే చిక్కు.

ఆ పేరు ఆయనకు అతుక్కోవడానికి కారణం మాత్రం చాలా చిన్నది. ఏ నట్టు మీద పానా పెట్టబోయినా ముందు దాని మీది దుమ్మును "ఉఫ్" అని ఊదడం ఆయన అలవాటు. వయసు యాభై ఎనిమిది. మెకానిక్కు పనిలోకి వచ్చి నలభై మూడేళ్లు. నున్నటి బట్టతల, దాని మీద ఎప్పుడూ ఒకటో రెండో నల్లటి గ్రీసు వేలిముద్రలు. అవి ఎవరివో కావు, ఆయనవే. ఆలోచన వచ్చినప్పుడల్లా నెత్తి గోక్కుంటాడు. సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఆ ముద్రలు లెక్కపెట్టి "ఇవాళ రెండే ఆలోచనలు వచ్చాయన్నమాట" అంటుంది పిన్ని. పిన్ని అంటే ఆయన భార్య. వీధిలో అందరికీ ఆయన బాబాయి కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని.

తనను తాను వెక్కిరించుకోవడంలో బాబాయికి సాటి లేదు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే తన పరువును తానే విప్పి, ఇంజను విప్పి పరిచినట్టు, ముక్కలు ముక్కలుగా నేల మీద పరిచేస్తాడు. "నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. ఏడూ ఏడూ పద్నాలుగు. డిగ్రీ ఒక్క ఏడాదిలో తప్పిపోయింది" అంటాడు. "పనిలో చేరిన మొదటి రోజే రేడియేటర్లో ఇంజనాయిలు పోశాను, ఇంజనులో నీళ్లు పోశాను. ఆ బండికి పక్షపాతం లేదు, రెంటితోనూ నడవలేదు" అంటాడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో మావగారి స్కూటరు బాగు చేస్తానని మొత్తం విప్పి, మళ్లీ బిగించేసరికి ఏడు ముక్కలు మిగిలిపోయాయి. "బండి తేలికైంది మావయ్యగారూ, ఇక పెట్రోలు తక్కువ తాగుతుంది" అని చెప్పి తప్పించుకున్నాడు. ఆ ఏడు ముక్కల్నీ పిన్ని ఒక రేకుడబ్బాలో దాచిపెట్టింది. ఇంట్లో ఆయన గొంతు కాస్త పెరిగితే ఆవిడ మాట్లాడదు, వెళ్లి ఆ డబ్బాను గలగలమనిపిస్తుంది. గొంతు తగ్గిపోతుంది.

వినేవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఎంత గర్వం లేని మనిషో అనుకుంటారు. ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. ఆయన చెప్పుకునే తప్పుల్లో ఒక్కటి కూడా ఇరవై ఏళ్లలోపుది లేదు. అన్నీ బాగా ఎండి, పదునుపోయి, చేతిలో పట్టుకున్నా కోసుకోని పాత తప్పులు. నిన్నటి తప్పు, మొన్నటి తప్పు ఏమయ్యాయంటే, "ఈ మధ్య పొరపాట్లు చేయడం కూడా మర్చిపోతున్నాను" అని దాటేస్తాడు.

షెడ్డులో ఒకేసారి రెండు బళ్లు పడతాయి. పైన రేకులు, కింద నలభై ఏళ్ల నూనె తాగి నల్లబడిన సిమెంటు నేల. ఎడమపక్క దర్జీ కొట్టు. దర్జీకి నోటి నిండా గుండుసూదులు, అయినా మాట ఆగదు. ఎదురుగా రోడ్డుకు అవతల వెల్డింగ్ షెడ్డు. దాన్ని నడిపేది నలభై దాటిన ఆవిడ. వీధి మొత్తానికి వెల్డింగక్క. ఆవిడ గేట్లు, కిటికీ ఊచలు, విరిగిన కుర్చీలు అతుకుతుంది. బాబాయి రోడ్డు మీద నిలబడి ఆవిడకు వినపడేట్టు అంటూ ఉంటాడు: "వెల్డింగంటే విరిగినవాటికి. నా చేతిలో ఏదీ విరగదు. మనకు ఆ రోడ్డు దాటే పని లేదు." వెల్డింగక్క ముఖానికున్న నల్లద్దం పైకెత్తి, "దాటకండి బాబాయిగారూ, వయసైపోయింది, ఏ సైకిలో గుద్దుతుంది" అంటుంది. ముప్పై అడుగుల ఆ రోడ్డును ఆయన నిజంగానే పని కోసం ఒక్కనాడూ దాటలేదు.

ఈ నట్టు గొడవ జరగడానికి రెండు రోజుల ముందు బాబాయి ఒక అద్దం కొన్నాడు. బొత్తాం కంటే కొంచెం పెద్దది, గుండ్రటిది. దానికో సన్నటి ఇనప కాడ. రేడియో ఏరియల్‌లాగా లాగితే మూరెడు పొడవు సాగుతుంది. చెయ్యి దూరి, చూపు దూరని చోట ఉన్న నట్టును అందులో చూడొచ్చు. నలభై మూడేళ్లూ ఆయన అలాంటి నట్లను వేళ్లతో తడుముకునే విప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. కానీ అద్దం కొన్నాక వేళ్లంటే చులకనైపోయింది. దర్జీకి చూపించాడు, పోస్టు తెచ్చినతనికి చూపించాడు, ఎదురుషెడ్డువైపు తిప్పి ఎండను వెల్డింగక్క కళ్లలో కొట్టాడు. "ఇన్నేళ్లూ గుడ్డివాడిలా బతికాను. ఇక చూస్కోండి" అన్నాడు.

చూసుకోవడానికి అందరికీ ఎక్కువసేపు పట్టలేదు.

పొద్దున్న తొమ్మిదిన్నరకు ఒక తెల్ల వ్యాను ముక్కులోంచి పొగలు కక్కుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. లోపల్నుంచి కిచకిచమని ఒకటే గోల, సినిమా వదిలినట్టు. డ్రైవరు సీటులోంచి బాబాయి అన్నగారి కూతురు కిందికి దూకింది. ముప్పై ఏళ్ల పిల్ల. కోడిపిల్లల కంపెనీలో డ్రైవరుగా చేరి ఇరవై రెండు రోజులైంది.

"బాబాయ్, నీళ్లన్నీ కారిపోతున్నాయి. రెండుసార్లు పోశాను. ఇక కదిలితే ఇంజను పోతుంది."

"ముందు నువ్వు ఊపిరి పీల్చుకో తల్లీ. లోపల ఎవరు, అంత గొడవ చేస్తున్నారు?"

"పద్దెనిమిది పెట్టెలు. పెట్టెకు వంద. నిన్న గుడ్డులోంచి వచ్చాయి. తిండి లేకపోయినా రేపటిదాకా ఉంటాయి గానీ, గాలి ఆడకపోతే గంటలో పోతాయి బాబాయ్. నాలుగింటికల్లా ఫారంలో దించాలి. ఇక్కణ్ణుంచి గంటన్నర దారి."

"దించకపోతే?"

"ఫోను చేస్తే కంపెనీవాళ్లు ఇంకో బండి పంపిస్తారు. బండితో పాటు ఇంకో డ్రైవర్ని కూడా పంపిస్తారు. ఒక నెల చూసి ఉంచుకుంటామన్నారు. నాకు ముందు ఉన్నతన్ని ఇలాగే ఒక్క రోజుకు తీసేశారు. ఆడపిల్ల బండేం నడుపుతుందని అక్కడ ఇప్పటికే నలుగురు నవ్వుతున్నారు."

బాబాయి నెత్తి గోక్కున్నాడు. ఆ రోజుకు మొదటి ముద్ర పడింది. పదేళ్ల వయసులో ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించింది ఆయనే. ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగం వచ్చి ఆయన షెడ్డు ముందు పొగలు కక్కుతోంది.

సీటు ఎత్తి, టార్చి వేసి చూశాడు. జబ్బు వెంటనే దొరికింది. ఇంజను వెనక గోడకు నీళ్ల పైపు మెడ ఒకటి ఉంటుంది. ఇంజనులోంచి పొడుచుకొచ్చిన రెండు మరకడ్డీలు, వాటినే స్టడ్లంటారు, వాటికి రెండు నట్లు. మధ్యలో ప్యాకింగు చిరిగిపోయి నీళ్లు కారుతున్నాయి. ప్యాకింగు మారిస్తే అయిపోయింది. "పది నిమిషాల పని" అన్నాడు బాబాయి. ఆ మాట విన్నవాళ్లు ముగ్గురున్నారు, ముగ్గురూ ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని మర్చిపోలేదు.

పెట్టెలన్నీ బయటికి దించారు. ఒకదాని మీద ఒకటి పెడితే కింది పిల్లలకు ఊపిరాడదు కాబట్టి షెడ్డులో నీడ ఉన్నచోటల్లా పరిచారు. మిగిలినవి దర్జీ గుడ్డలు కత్తిరించే బల్ల మీదికి వెళ్లాయి. దర్జీ తన టేబులు ఫ్యాను వాటివైపు తిప్పి, గుండుసూదుల మధ్యలోంచి, "ఇన్నాళ్లకు నా బల్ల మీద కొలతలకు కదలకుండా నిలబడని ఖాతాదార్లు వచ్చారు" అన్నాడు.

పై నట్టు సులువుగా వచ్చేసింది. వేళ్లతో తడిమి, ఉఫ్ అని, పానా వేసి ఒక్క పట్టు. అన్నకూతురు "అబ్బ" అంది. ఆ "అబ్బ"తోనే అసలు కథ చెడింది. కింది నట్టు ఇంజనుకూ క్యాబిను గోడకూ సందులో ఉంది, ముఖం అటు తిప్పుకుని. సీటు కింది రేకు విప్పితే నేరుగా కనిపిస్తుంది. ఎనిమిది స్క్రూలు, తుప్పు పట్టినవి, అరగంట పని. లేదంటే ఎప్పటిలాగా చెయ్యి దూర్చి తడుముకోవచ్చు. కానీ అన్నకూతురు కళ్లప్పగించి చూస్తోంది. బాబాయి జేబులోంచి అద్దం తీసి, సర్రున కాడ లాగాడు.

"ఏంటి బాబాయ్ అది?"

"సైన్సు" అన్నాడు.

అద్దం వెనక్కి దూర్చాడు. నట్టు స్పష్టంగా కనిపించింది, ఆరు మూలలతో, పెళ్లికొడుకులాగా. పానా పెట్టాడు. అద్దంలో చూస్తూ, నట్టు విప్పే వైపుకు తిరిగేట్టు లాగాడు. రాలేదు. ఉఫ్ అని ఊది మళ్లీ లాగాడు. రాలేదు.

"తుప్పు" అన్నాడు.

తుప్పు నూనె కొట్టి పావుగంట ఆగాడు. సుత్తితో టకటకా కొట్టాడు. మళ్లీ లాగాడు. కొంచెం కదిలినట్టే కదిలి, ముందుకంటే మొండిగా నిలబడిపోయింది. పానాకు బారెడు పైపు తగిలించి, కాలు ఇంజనుకు తన్నిపెట్టి, పళ్లు బిగపట్టి లాగాడు. ఇంకాస్త కదిలింది. "వస్తోంది, వస్తోంది" అని అరిచాడు. రావడమేంటి, అది రోజు రోజుకూ దగ్గరయ్యే చుట్టంలాగా ఇంకా లోపలికి వెళ్లి కూర్చుంది.

"దీన్ని బిగించిన వెధవ ఎవడో గాని!" అన్నాడు బాబాయి చెమట తుడుచుకుంటూ. "ఏనుగును పెట్టి తొండంతో బిగించి ఉంటాడు. వాడికి పానా పట్టుకోవడం నేర్పినవాణ్ణి అనాలి."

"అంత గట్టిగా ఎందుకు బిగిస్తారు బాబాయ్?"

"బుర్ర లేనివాడు బలం చూపిస్తాడు తల్లీ. నాలుగు చుట్లు తిప్పాల్సిన చోట నలభై తిప్పుతాడు. ఇలాంటివాళ్ల వల్లే మెకానిక్కులకు చెడ్డపేరు."

ఇలా ఆ గుర్తు తెలియని వెధవను ఆయన పదకొండు దాకా తిట్టాడు. వాడి చదువును తిట్టాడు, వాడి కళ్లను తిట్టాడు. ఒక దశలో వాడు తాగి పనిచేసి ఉంటాడని కూడా తేల్చాడు. పన్నెండింటికి పానా సర్రున జారింది. బాబాయి మోచేయి క్యాబిను గోడకు తగిలి నక్షత్రాలు కనిపించాయి. అద్దంలో చూస్తే నట్టు మూలలు ఆరూ అరిగిపోయి గోలీకాయలా నున్నగా ఉంది. ఇక ఏ పానా పట్టదు. ఉలి పెట్టి కొట్టాడు, జారింది. పట్టకారు పెట్టాడు, అది నట్టు చుట్టూ ఊరికే తిరిగింది.

ఒంటిగంటకు పిన్ని భోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. షెడ్డంతా కోడిపిల్లలు, మొగుడి నెత్తి మీద పదకొండు వేలిముద్రలు. "ఇన్ని ఆలోచనలు ఒక్క రోజులోనా! ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"ఆట పట్టించకే, టైము లేదు."

"పిన్నీ, పది నిమిషాల పనన్నాడు" అంది అన్నకూతురు. ఆ పిల్ల గొంతులో నవ్వు లేదు. చేతిలో ఫోను పట్టుకుని ఉంది. దర్జీ బల్ల మీద ఒక పెట్టెలో కిచకిచలు తగ్గాయి. మూత ఎత్తి చూస్తే మూలన మూడు పిల్లలు పడిపోయి ఉన్నాయి. "నేను ఫోను చేసేస్తాను బాబాయ్. ఉద్యోగం పోతే పోయింది. ఇవి చచ్చిపోకూడదు" అంది.

బాబాయి ఆ పిల్ల వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. ముప్పై అడుగులు. నలభై మూడేళ్లలో ఆయన నడిచిన రోడ్లన్నిటిలోకీ అదే పొడవుగా కనిపించింది. "ఒక్క గంట ఆగు తల్లీ" అని చెప్పి, చేతులు తుడుచుకోకుండానే దాటాడు.

ఆయన వస్తుండటం చూసి వెల్డింగక్క పని ఆపి నల్లద్దం ఎత్తింది. "దారి తప్పారా బాబాయిగారూ?"

"నట్టొకటి నున్నగా అయిపోయింది. పైన వేరే నట్టు అతికి తీయాలి."

"మీ చేతిలో ఏదీ విరగదుగా?"

"విరగలేదమ్మా. అరిగింది. అరగడం గురించి నేనేం అనలేదు."

వెల్డింగక్క ఇంకో మాట అనబోయి, ఆయన మోచేతి మీద రక్తం చూసి ఊరుకుంది. తీగలు, యంత్రం లాక్కుని వెంట వచ్చింది. వ్యానులోకి వంగి చూసింది. అద్దం చూసింది. అందులోకి చూడనే లేదు. "ముందు ఆ రేకు తీయించండి. కనపడనిదాన్ని నేను అతకను" అంది.

అన్నకూతురూ పిన్నీ కలిసి నాలుగు స్క్రూలు, బాబాయి నాలుగు. అరగంటలో రేకు లేచింది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ తీసేశారు. తడిపిన గోనెపట్టా పెట్రోలు గొట్టం మీద కప్పారు. వెల్డింగక్క తన డబ్బాలో సరైన నట్టు వెతుక్కుంటుంటే, బాబాయి దీపం పట్టుకుని ఆ సందులోకి తల దూర్చాడు. పొద్దుటినుంచి మొదటిసారి ఆ నట్టును అద్దం లేకుండా, తన సొంత కళ్లతో చూశాడు.

నట్టు కింద వాషరు లోహంలోకి దిగబడిపోయి ఉంది. పైపు మెడ ఒకవైపుకు ఒరిగి నొక్కుకుపోయింది. ప్యాకింగు ముక్క కొత్తగా బయటికి ఉబికి, నాలుక చాపి వెక్కిరిస్తున్నట్టుంది. ఉలి గాట్లు తళతళలాడుతున్నాయి. అవి ఏ వైపుకు తోశాయో బాణం గుర్తుల్లాగా చూపిస్తున్నాయి. అన్నీ ఒకే వైపుకు. బిగించే వైపుకు.

బాబాయి ఊదడం మర్చిపోయాడు.

అద్దంలో కుడి ఎడమవుతుంది. తల దువ్వుకునే ప్రతివాడికీ తెలుసు ఆ సంగతి. పాపిడి ఎడమ పక్క తీస్తే అద్దంలోవాడికి అవతల పక్క కనిపిస్తుంది. ఇరవై రెండేళ్లుగా దువ్వెన అవసరం లేని మనిషికి ఎవరు గుర్తు చేస్తారు? పొద్దుటినుంచి విప్పే వైపు అనుకుని అద్దంలో చూస్తూ తిప్పిందంతా బిగించడమే. ఏనుగు ఆయనే. తొండం కూడా ఆయనదే. బుర్ర లేనివాడు, కళ్లు లేనివాడు, బహుశా తాగి ఉన్నవాడు, వాడికి పానా పట్టుకోవడం నేర్పినవాడితో సహా మొత్తం అందరూ ఆ సందులో ఒక్కడి తలకాయలో ఇరుక్కుని ఉన్నారు.

అక్కడే ఉండిపోయాడు కాసేపు. లోపల చల్లగా ఉంది. ఎవరికీ తెలియదు. మూలలు అరిగిన నట్టు, తుప్పు, ఇంతకుముందు చేసిన వెధవ. కథ అంతా ముందే చెప్పేసి ఉంది, అందరూ నమ్మేశారు. ఆ వెధవ ఎలాగూ లేడు, వాడొచ్చి కాదనడు. ఇంకో పదేళ్లకు, ఇరవయ్యేళ్లకు, బాగా ఎండాక, దీన్ని కూడా నవ్వుతూ చెప్పుకోవచ్చు.

"బాబాయిగారూ, నిద్రపోయారా లోపల? జరగండి" అంది వెల్డింగక్క. ఆయన జరిగాడు. ఆవిడ అరిగిన నట్టు మీద పెద్ద నట్టు తొడిగి, రంధ్రంలో నిప్పు పోసింది. నీలి వెలుగు, చిటపటలు, కాలిన నూనె కంపు. మొత్తం ఎర్రగా అయి, మెల్లగా నల్లబడింది. ఆవిడ పానా తీసుకుంది.

"తుప్పు కదా" అంది, అడగడానికి కాదు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "తుప్పు పట్టినవాటిని ముందు వెంట్రుకవాసి బిగించి, అప్పుడు విప్పితే తుప్పు పగిలి మర్యాదగా వస్తాయి." పానా తొడిగింది. బిగించే వైపుకు చెయ్యి పెట్టింది.

ఇప్పటికే సాగిపోయి ఉన్న స్టడ్డు. ఇంకా వెంట్రుకవాసి బిగిస్తే పుటుక్కున తెగుతుంది. తెగిన ముక్క ఇంజనులో మిగులుతుంది. దాన్ని తొలిచి తీయాలంటే సాయంత్రం దాటుతుంది. అన్నకూతురు బయట పెట్టెల మీద అట్టముక్కతో విసురుతోంది.

"బిగించకు" అన్నాడు బాబాయి.

"ఏం?"

"తుప్పు కాదు."

"మరి?"

బాబాయి నోరు తెరిచాడు. జోకు కోసం వెతికాడు. నలభై మూడేళ్లు అడగకుండానే నోట్లోకి వచ్చిపడిన జోకులు ఒక్కటీ కనపడలేదు. "బిగుతు. పొద్దుటినుంచి బిగిస్తున్నది నేనే. అద్దంలో చూసి తిరగేసి తిప్పాను. స్టడ్డు సాగి ఉంటుంది. ఇంక కొంచెం కూడా బిగించకు, నేరుగా విప్పు" అన్నాడు.

షెడ్డులో పద్దెనిమిది వందల నోళ్లు ఏకంగా అరుస్తున్నాయి.

మొదట దర్జీ. నోట్లోంచి గుండుసూదులు చేతిలోకి తీసుకున్నాడు, ఒక్కొక్కటీ. నవ్వడానికి ముందు ఆయన తీసుకునే జాగ్రత్త అది. తర్వాత వీధి చివరిదాకా వినపడేట్టు నవ్వాడు. "అయితే పొద్దుటినుంచి ఆ ఏనుగు..."

"నేనే."

"ఆ తాగినవాడు..."

"వాడూ నేనే. అందరూ నేనే. నువ్వు సూదులు నోట్లో పెట్టుకో."

పిన్ని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్లో సీసా మూతలు ఇన్నేళ్లూ ఎందుకు రావట్లేదో ఇప్పుడు తెలిసింది నాకు" అంది. అన్నకూతురు మాత్రం నవ్వలేదు. ఆయన్ను చూసింది, చేతిలో ఫోను చూసుకుంది. "రోజంతా అద్దాల్లో చూస్తూనే బండి నడుపుతాను బాబాయ్. నాకూ తట్టలేదు" అంది. ఆ మాట ఆయన్ను ఓదార్చడానికే అంది గాని, దర్జీ నవ్వు కంటే గట్టిగా తగిలింది.

వెల్డింగక్క పానా మీద చెయ్యి అవతలి వైపుకు మార్చుకుంది. మళ్లీ కొంచెం వేడి పెట్టి, ఒక కొవ్వొత్తి ముక్క తెప్పించి, మర దగ్గర ఆనించింది. మైనం కరిగి, మరల్లోకి పీల్చుకుపోయింది. బాబాయి దీపం పట్టుకున్నాడు. ఆవిడ చంటిపిల్లను తిప్పినట్టు మెల్లగా, చాలా మెల్లగా లాగింది. కీచుమంది. ఆగింది. మళ్లీ కీచుమంది. తర్వాత ఒక్కసారిగా మెత్తబడి తిరిగింది. స్టడ్డు తెగలేదు.

"నలభై మూడేళ్ల సర్వీసు, ఇప్పుడు దీపం పట్టే ఉద్యోగం దొరికింది" అన్నాడు బాబాయి. వెల్డింగక్క నల్లద్దం ఎత్తి, "దీపం బాగానే పట్టారు" అంది. ఆ ఏడాదికంతా ఆవిడ ఆయనకిచ్చిన మెప్పు అదొక్కటే.

ఒరిగిన పైపు మెడను సుత్తితో సరిచేసి, కొత్త ప్యాకింగు వేసి, కొత్త నట్లు వేళ్లతో తడుముతూ బిగించి, నీళ్లు పోసి, పెట్టెలు ఎక్కించేసరికి మూడు దాటింది. వ్యాను దుమ్ము రేపుకుంటూ వెళ్లింది. ఫారం చేరేసరికి నాలుగున్నర దాటి అయిదు నిమిషాలు. పద్దెనిమిది వందల్లో పోయినవి తొమ్మిది. మామూలు రోజుల్లో కూడా నాలుగైదు పోతూనే ఉంటాయట. కానీ ముప్పై అయిదు నిమిషాల ఆలస్యం పుస్తకంలోకి ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో అట్ట, దాని మీద కాగితం. ఆలస్యం ఎందుకైందో విచారించి రాయాలి. డ్రైవరు ఇంజను కాగుతున్నా పట్టించుకోకుండా నడిపిందా, దారిలో ఎక్కడైనా ఆగి కాలక్షేపం చేసిందా అని అడిగాడు. అన్నకూతురు వ్యాను పక్కన నిలబడి చెప్పు కొనతో నేల రాస్తోంది. నెల పూర్తవడానికి ఇంకా వారం ఉంది. బాబాయి షెడ్డు లోపల ఎవరి బండో విప్పుతున్నాడు.

ఆ పిల్లను ఆదుకోవాలని దర్జీ పరుగున వచ్చాడు. వస్తూనే అందుకున్నాడు. అలాంటి నట్టును ఈ వీధి పుట్టాక చూడలేదన్నాడు. ఇంజనుతో పాటే పుట్టి ఇంజనులో ఇనుముతో కలిసిపోయిందన్నాడు. నలుగురు మెకానిక్కులు కూడా కదిలించలేకపోయేవాళ్లన్నాడు. "కానీ మా బాబాయి మూడుసార్లు ప్రదక్షిణం చేసి, ఉఫ్ అని ఒక్క ఊదు ఊదాడు సార్. పొగ వచ్చింది. నట్టు దానంతటదే తిరుగుతూ బయటికొచ్చి ఆయన చేతిలో పడింది. పడ్డాక కూడా కాసేపు తిరిగింది. ఆ పిల్ల తప్పేముంది, అలాంటి నట్టు ఎవరి బండిలో ఉన్నా ఆలస్యమే" అన్నాడు. పోస్టతను పక్కనుంచి బస్సు చక్రాల కథ కూడా కలిపాడు. సూపర్‌వైజరు కలం మూత తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు. కాగితంలో కారణం అనే చోట ఊదుట అని రాయాలో, ఇంకేదైనా రాయాలో తెలియలేదు. వీళ్లంతా కలిసి డ్రైవరు తప్పును దాచిపెడుతున్నారన్న అనుమానం ముఖంలో కనిపించింది.

అప్పుడు బాబాయి లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆ కాగితంలో ఆ రోజు ఏం రాశారో ఎవరూ చూడలేదు గాని, ఆయన అన్నకూతురు ఇప్పటికీ అదే వ్యాను నడుపుతోంది. ఆయన అన్నది ఇదీ:

"ఊదలేదు సార్. తొమ్మిదిన్నరకే బండి ఆపి తెచ్చిందామె. పది నిమిషాల పని. నేను అద్దంలో చూసి తప్పు వైపు తిప్పి మధ్యాహ్నం దాకా చేశాను. నట్టు తీసింది ఎదురుషెడ్డావిడ. ఆలస్యం నాది, అదే రాసుకోండి."